వెండి బూట్ల పాటలు

మల్లేశ్వర్‌ను ఒకచోట కుదురుగా కూర్చోబెట్టడం కన్నతల్లి మైసమ్మ వల్లే కాలేదు, ఇంకెవరి వల్ల అవుతుంది? తాండూరులో బండలు పాలిష్ పట్టే మిషన్ దగ్గర పొద్దంతా నిలబడి, ఒంటి నిండా తెల్లటి దుమ్ముతో యాలాల్ చేరిన మనిషి, ఇల్లు కనబడగానే మంచం మీద వాలాలి కదా. అబ్బే! అన్నం పళ్లెం చేత్తో పట్టుకుని వాకిట్లోకీ ఇంట్లోకీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతాడు. పళ్లు తోముకుంటూ గొర్రెల దొడ్డి దాకా వెళ్లొస్తాడు. నిశ్చితార్థం అయిన దగ్గర్నుంచి ఆ తిరుగుడు మరీ ముదిరింది. పైగా ఎప్పుడు చూసినా చెవుల్లో ఇంగ్లీషు పాటలు.

ఆ పాటలు పంపింది అశ్విని, అతను చేసుకోబోయే అమ్మాయి. ఆమెకు వికారాబాద్‌లో రక్తపరీక్షల ల్యాబులో పని, మోమిన్‌పేట్ నుంచి రోజూ బస్సు. యాభై ఏళ్ల కిందట ఇంగ్లండులో నలుగురు కుర్రాళ్లు కలిసి చేసిన ఆల్బం అది. బస్సులో ఏవో పాటలు వింటూ ఉంటే దానంతటదే ఫోన్లోకి వచ్చి పడిందట. మొదటిసారి విన్నరోజు దిగాల్సిన చోటు దాటిపోయి, ఆలస్యంగా వెళ్లి ల్యాబు డాక్టరు చేత తిట్లు తిన్నదట. అయినా బుద్ధి రాలేదు. మర్నాడూ అదే విన్నది, ఆ మర్నాడూ అదే.

నిశ్చితార్థం తర్వాత ఫోన్లో మాట్లాడుకోవచ్చని పెద్దలు దయతలిచారు గానీ, ఏం మాట్లాడుకోవాలో చెప్పలేదు. "తిన్నవా?" "తిన్న. నువ్వు?" "నేను గూడ తిన్న." అంతే, ఇద్దరికీ సరుకు అయిపోయేది. నాలుగు రోజులు ఇలా తిండి లెక్కలు చెప్పుకున్నాక అశ్వినికి విసుగొచ్చింది.

"నీకు పాటలు ఇష్టమేనా?" అని అడిగింది.

"మాది ఒగ్గోళ్ల ఇల్లు. పుట్టినప్పటికెల్లి డోలు కొడ్తనే ఉన్న" అన్నాడు మల్లేశ్వర్.

"అయితే కొన్ని పంపుత. వరసగ ఇను, నడుమల దుంకొద్దు. ఒక పాటకెల్లి ఇంకో పాటకు తోవ ఉంటది."

ఒక్కో పాటా వాట్సాప్‌లో వచ్చింది, బొమ్మా పేరూ ఏమీ లేకుండా. మల్లేశ్వర్ ఆమె పెట్టిన షరతును తు.చ. తప్పకుండా పాటించాడు. వరసగానే విన్నాడు, ఒక్కటీ దాటవేయలేదు. కాకపోతే అతని పాత ఫోను ఆఖరున వచ్చిన పాటను అన్నిటికన్నా పైన పెట్టింది.

వారం తర్వాత అడిగాడు, "గాయన మొదట్లనే గంత ఏడుస్తడేంది?"

"ఏడ్చుడు మొదట్ల ఎక్కడుంది? మొదట్ల చప్పట్లు గొడ్తరు, కాళ్లతోని దనదన తొక్కుతరు గద!"

"గది ఆఖరుకు. మొదట్ల ఒక్కడే నిలవడి పాడ్తడు, డోలు గూడ ఉండదు."

ఫోన్లో నవ్వు మొదలైంది. ఎంతసేపు నవ్విందంటే పక్కనున్నవాళ్లు ఏమైందని అడగడం కూడా వినబడింది. "ఉల్టా ఇన్నవా! వారం దినాలు ఉల్టా ఇన్నవా!" అంది. మల్లేశ్వర్‌కు సిగ్గు ముంచుకొచ్చింది. కానీ మర్నాడు ఆమె కూడా బస్సులో ఆఖరి పాట నుంచి మొదటి పాట దాకా విని ఫోన్ చేసింది. "గిట్ల ఇంటె వేరే కథ అయితుంది. ఏడ్చి ఏడ్చి లేశి ఎగిరినట్టున్నడు. మంచిగుంది" అని ఒప్పుకుంది.

ఇక వాళ్ల ముచ్చట్లకు అంతు లేకుండా పోయింది. మాటలన్నీ ఆమె వినేది, మోతంతా అతను వినేవాడు. "వాళ్ల డోలాయన మస్తు మొండోడు. పాట ఉరుకుమంటది, ఆయన ఉరకడు. జర ఎన్కకు గుంజుతడు. గందుకే మనకు కాలు లేస్తది" అని చెప్పాడొకసారి. అశ్విని ఆ పాట వెంటనే మళ్లీ విని, "అవును! గిది నాకెవలూ జెప్పలే. మా ల్యాబుల ఇనిపిస్తె లొల్లి అన్నరు" అంది. ఆ 'అవును'లో ఉన్న సంతోషం మల్లేశ్వర్‌కు రెండు రోజులు సరిపోయింది. ఈ పిల్ల తనకు కావాలి. పెద్దలు కుదిర్చారని కాదు, నిజంగానే కావాలి. ఆ సంగతి తెలిసినరోజు నుంచే అతనికి నిద్ర కరువైంది.

ఎందుకంటే ఆమెకు చెప్పని మాట ఒకటుంది.

మల్లేశ్వర్ తండ్రి ఎంకయ్య ఒగ్గు కథ చెబుతాడు. కురుమల ఇళ్లలో, బీరప్ప పండుగల్లో, డోళ్ల మోత మధ్య దేవుడి కథ చెప్పే బృందానికి ఆయనే పెద్ద. ఆ కథల్లో ఆడవాళ్ల వేషాలు మగవాళ్లే కట్టడం తాతల నాటి పద్ధతి. ఏటా బీరప్ప పండుగనాడు దేవుడి పెళ్లి కథలో పెళ్లికూతురు ఎవరనుకున్నారు? మల్లేశ్వరే. మీసం రాని వయసులో మొదలుపెట్టాడు, మీసం వచ్చాక పండుగకు ముందురోజు గీయించుకుంటున్నాడు. చీర, గాజులు, ముఖానికి పసుపు, కళ్లకు కాటుక, కాళ్లకు గజ్జెలు. విచిత్రమేమిటంటే ఒక్క నిమిషం కుదురుగా ఉండలేని ఈ మనిషి ఆ వేషంలో బొమ్మలా నిలబడిపోతాడు. వంచిన తల ఎత్తడు. లోపల ఎక్కడో నిత్యం తిరిగే యంత్రమొకటి ఆ కాసేపు ఆగిపోతుంది. ఆ నెమ్మది కోసం అతను ఏడాదంతా ఎదురుచూస్తాడు. ఎవరితోనూ చెప్పడు, చెబితే నవ్వుతారని.

నవ్వేవాళ్లు ఉండనే ఉన్నారు. అశ్విని మేనమామ కుమారస్వామి వాళ్లలో మొదటివాడు. తండ్రి లేని పిల్లను పెంచింది ఆయనే, పెళ్లి చేసేదీ ఆయనే. పెళ్లిచూపుల నాడు చాయ్ తాగుతూ, "ఎంకయ్యన్నా, మీది ఒగ్గోళ్ల ఇల్లు, మంచిదే. పిల్లగాడు ఆడేషం గిట్ల కట్టడు గద? గసొంటోనికి మా పిల్లనియ్య" అన్నాడు. ఎంకయ్య చేతిలో గ్లాసు వణకలేదు, కన్ను ఆర్పలేదు. "ఛ! వాడు డోలు గొడ్తడు, అంతే" అన్నాడు. దేవుడి కథ చెప్పే నోరు అది. మల్లేశ్వర్ పక్కనే కూర్చుని చాపలో ఈనెలు పీకుతూ ఊరుకున్నాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఎంకయ్య ఇంట్లో ఒక ఆచారం ఉంది, కాబోయే కోడలిని పెళ్లికి ముందే బీరప్పకు మొక్కించాలి. లేచి వచ్చేటప్పుడు ఎంకయ్య, అలవాటుగా, "పండుగకు పిల్లను తోల్కొని రావాలె తమ్మీ, దేవుడు సూడాలె" అనేశాడు. అబద్ధమాడిన నోటితోనే, ఆ అబద్ధం బయటపడే చోటికి పిలిచాడు. సగం దారిలో సంగతి తట్టి, ఆటోలోంచి దూకబోయినంత పని చేశాడు. పిలుపు వెనక్కి తీసుకోవడానికి లేదు, దేవుడి పేరు మీద పిలిచాడాయె.

"ఈసారికి మహేందర్ కడ్తడు. నువ్వు డోలు కాడ గూసో" అని తేల్చేశాడు ఇంటికొచ్చాక. మహేందర్ బృందంలో డోలు వాయించేవాడు, మల్లేశ్వర్ ఈడువాడే.

"ఆమెకు జెప్తె అయిపోతది గద నాయినా?"

"జెప్తె పెండ్లి పోతది. నీకేం ఫికర్ లేదారా?"

ఫికరే ఉంది మరి. పండుగ ఆదివారం. గురువారం పొద్దున మల్లేశ్వర్ పని ఎగ్గొట్టి తాండూరులో ప్యాసింజర్ ఎక్కాడు. సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. ధారూర్ దాకా ఈ తలుపు దగ్గర, ధారూర్ దాటాక ఆ తలుపు దగ్గర. చెప్పాల్సిన మాటను పది రకాలుగా కట్టుకున్నాడు, వికారాబాద్‌లో దిగేసరికి పదీ మరిచిపోయాడు.

అతను ఫోన్ చేస్తే, మధ్యాహ్నం అన్నం వేళకు అశ్విని బస్టాండు దగ్గరకొచ్చింది. చాయ్ కొట్టు పక్కన బెంచీ మీద కూర్చున్నారు. ఆమె ఇయర్‌ఫోను ఒకటి అతనికిచ్చి, ఒకటి తను పెట్టుకుంది. ఇద్దరూ కలిసి ఆ పాటలు వినడం అదే మొదటిసారి. మొండి డోలాయన పాటను వెనక్కి లాగినచోట ఇద్దరి కాళ్లూ ఒకేసారి నేలకు తగిలాయి. అశ్విని కళ్లెత్తి చూసి నవ్వింది. మల్లేశ్వర్‌కు ఏడుపొచ్చినంత పనైంది.

"గా పాడేటాయన ఎట్లుంటడు?" అని అడిగాడు, ఏదో ఒకటి అడగాలి కాబట్టి.

"సూడలేదా నువ్వు?" అంటూ ఆమె ఫోన్లో ఆల్బం అట్ట తీసి చూపించింది.

మల్లేశ్వర్ ఆ బొమ్మ చూసి నోరు మూయడం మరిచిపోయాడు. సన్నటి మగవాడు. మోకాళ్ల దాకా వెండి బూట్లు, తళతళలాడే చొక్కా. కళ్లకు దిద్దిన కాటుక, బుగ్గల మీద మెరుపు పొడి, పెదవులకు ఎర్రరంగు. నడుం మీద చెయ్యి వేసుకుని, ఎవరేమనుకుంటే నాకేం అన్నట్టు నేరుగా చూస్తున్నాడు.

"గ్లామ్ రాక్ అంటరంట దీన్ని. అందరు గిట్లనే తయారయ్యేటోళ్లు. మొదలు సూసినప్పుడు ఆడామె అనుకున్న" అంది అశ్విని. "తర్వాత గా మొకం దలుసుకుంట ఇంటె పాటలు ఇంకా మంచిగనిపించినయ్. భయం లేనోని గొంతు గది."

"నేను గూడ గట్లనే తయారైత" అన్నాడు మల్లేశ్వర్.

ఆమె నవ్వింది. అతను నవ్వలేదు. తన ఫోను తీసి, పోయినేడాది పండుగ ఫోటో ఆమె ముందు పెట్టాడు. ఎర్రచీరలో, వంచిన తలతో, పసుపు ముఖంతో పెళ్లికూతురు.

అశ్విని చాలాసేపు చూసింది. "గిది నువ్వా?"

"నేనే. ఏటా నేనే కడ్త."

"మా మామ అడిగిండు గద. మీ నాయిన లేదన్నడు."

"అన్నడు."

"నువ్వు ఆడనే గూసున్నవ్."

"గూసున్న."

"గిన్ని దినాలు డోలు ముచ్చట జెప్పినవ్, ఉల్టా ముచ్చట జెప్పినవ్. గీ ఒక్కటి నోట్లె దాస్కున్నవ్." ఆమె గొంతు పెరగలేదు, అందుకే అతనికి భయమేసింది. "వేషానికి గాదు నా కోపం. మీ ఇంట్ల అందరు గల్సి నన్ను పిచ్చిదాన్ని జేసిన్రు సూడు, గందుకు."

చెయ్యి చాపి అతని చెవిలోంచి ఇయర్‌ఫోను తీసుకుంది, వైరు చుట్టి సంచిలో వేసుకుంది. లేచి ల్యాబు తోవ పట్టింది.

శుక్రవారం ఫోన్ లేదు, శనివారమూ లేదు. పంపిన మెసేజిలు చూసినట్టు గీతలు నీలంగా మారేవి, జవాబు మాత్రం వచ్చేది కాదు. మిషన్ దగ్గర మల్లేశ్వర్ ఒక బండను అవసరమైనదానికన్నా ఎక్కువ అరగదీసి మేస్త్రీ చేత చీవాట్లు తిన్నాడు. దిగులు పట్టలేక చెవుల్లో మళ్లీ ఆ పాటలే పెట్టుకున్నాడు. అతని వరసలో మొదటిది, ఆల్బంలో ఆఖరిది, డోలు లేకుండా ఒక్క గొంతే పాడే పాట. ఇన్నాళ్లూ ఏడుస్తున్నాడనుకున్నాడు. ఇప్పుడు బొమ్మ చూశాడు కదా, వేరుగా వినబడింది. ఏడుపు కాదది. రంగు పూసుకుని జనం ముందు నిలబడ్డ మనిషి, నవ్వడానికి వచ్చినవాళ్లను కూడా తనవైపు రమ్మని పిలుస్తున్నాడు. పక్కకు తప్పుకుందామన్న ఆలోచనే లేదు ఆ గొంతులో. మల్లేశ్వర్‌కు తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ నాడు చాప ఈనెలు పీకుతూ కూర్చున్నది తనే కదా. శనివారం సాయంత్రం, డోలు దగ్గర కూర్చునేవాడికి అక్కర లేకపోయినా, ఏటా లాగే మీసం గీయించుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నానికి బీరప్ప గుడి ముందు జనం నిండారు. కుమారస్వామి మోటారు సైకిల్ మీద అశ్వినిని తీసుకొచ్చాడు. ఎంకయ్య ఆయనకు ముందు వరసలో కుర్చీ వేయించి, కూల్‌డ్రింకు ఇప్పించి, కథ మొదలుపెట్టాడు. అశ్విని దేవుడికి మొక్కి ఆడవాళ్లలో కూర్చుంది. డోలు దగ్గరున్న మల్లేశ్వర్ వైపు ఒక్కసారి చూసి చూపు తిప్పేసుకుంది.

పెళ్లికూతురుగా మహేందర్ వచ్చాడు. పాపం వాడి తప్పేం లేదు, వాడికి వచ్చింది అదే. కుర్రాళ్లు ఈల వేయగానే నడుం తిప్పాడు. నవ్వులు లేచాయి. ఇంకొంచెం తిప్పాడు, కొంగుతో మూతి తుడుచుకున్నాడు, కన్ను కొట్టాడు. కుమారస్వామి తొడ చరుచుకుని పగలబడి నవ్వాడు. అశ్విని నవ్వలేదు. డోలు మీద మల్లేశ్వర్ చేతులు నడుస్తున్నాయి గానీ లోపల మంట లేచింది. ఇది దేవుడి పెళ్లి. ఆమె పెళ్లికూతురు, నవ్వులాట బొమ్మ కాదు.

పెళ్లిచీర మార్చుకోవడానికి మహేందర్ తెర వెనక్కి వెళ్లాడు. మల్లేశ్వర్ డోలు కింద పెట్టి వెంట వెళ్లాడు. "చీర ఇడువు. నువ్వు డోలు కాడికి పో" అన్నాడు. మహేందర్ బతుకుజీవుడా అన్నట్టు విప్పేశాడు. "డోలు ఉరికియ్యకు. జర ఎన్కకు గుంజి కొట్టు" అని చెప్పి పంపాడు మల్లేశ్వర్.

మైసమ్మ ముఖానికి పసుపు రాసి కుచ్చిళ్లు పెడుతుంటే ఎంకయ్య తెర ఎత్తి చూశాడు. "వద్దురా! ఆయన ముందలనే గూసున్నడు. పెండ్లి పోతది."

"ఆమెకు చెప్పిన నాయినా. గురువారమే చెప్పిన."

"ఏమన్నది?"

"ఏమనలే. మాట్లాడుతలేదు."

"మరి గిదేందిరా?"

"దాస్కొని ఇంకో దినం బతుకలేను" అన్నాడు మల్లేశ్వర్. మైసమ్మ వంగి కొడుకు కాళ్లకు గజ్జెలు కట్టింది. గజ్జె కట్టాక మంగళహారతి దాకా పెళ్లికూతురు తన సొంత మాట మాట్లాడకూడదు. ఆమె తరఫున ఏం చెప్పాలన్నా కథ చెప్పే పెద్దే చెప్పాలి. ఎంకయ్య మింగలేక కక్కలేక మైకు దగ్గరికి వెళ్లాడు.

తెర తీశారు. మల్లేశ్వర్ తల వంచి నాలుగడుగులు వేసి ఆగాడు. ఎవరో ఈల వేశారు, రెండో ఈల రాలేదు. మహేందర్ డోలు చెప్పినట్టే పడుతోంది, రావాల్సిన దెబ్బ రవ్వంత ఆలస్యంగా, జనం గుండెలో ముందు మోగి తర్వాత డోలు మీద మోగుతున్నట్టు. ఆడవాళ్ల మధ్య అశ్విని తటాలున తలెత్తింది. ఆ దెబ్బ ఎక్కడిదో ఆ జనంలో ఆమె ఒక్కదానికే తెలుసు.

కుమారస్వామికి పోలిక పట్టడానికి కాసేపు పట్టింది. పట్టాక కుర్చీ వెనక్కి పడేలా లేచాడు. "గిదా మీరు జేసింది! ఎంకయ్యన్నా, గిదా?" అని అరిచి, "అశ్వినీ, దా. పోదాం" అన్నాడు.

అప్పటికే ఆడవాళ్లు పసుపు కుంకుమ పళ్లేలతో పెళ్లికూతురికి బొట్టు పెట్టడానికి వరస కట్టారు. అశ్విని ఆ వరసలో నిలబడి ఉంది. "అశ్వినీ!" అని మళ్లీ పిలిచాడు. ఆమె ముందుకు జరిగింది గానీ వరసలోంచి బయటికి రాలేదు. కుమారస్వామి విసవిసా మోటారు సైకిల్ దగ్గరికి నడిచాడు.

బొట్టు పెట్టే ప్రతి ఆడమనిషి పేరూ, ఏ ఇంటి మనిషో, కథ చెప్పే పెద్ద మైకులో చదవాలి. అది వాళ్ల పద్ధతి. ఒక్కొక్కరి పేరూ చదువుకుంటూ వచ్చిన ఎంకయ్య, అశ్విని వంతు రాగానే తడబడ్డాడు. "మోమిన్‌పేట్ ఆడబిడ్డ అశ్విని..." అని ఆపి, తర్వాతి మనిషి వైపు తిరగబోయాడు.

అశ్విని కుంకుమ అద్దిన వేలు గాలిలోనే ఆపింది. మల్లేశ్వర్ తల వంచుకునే ఉన్నాడు. ఆమె గాజుల చప్పుడు దగ్గరగా వినబడుతోంది, ముఖం కనబడటం లేదు. మాట్లాడటానికి లేదు.

"సగమే జదివినవ్ మామా" అంది అశ్విని ఎంకయ్యతో. "ఎవలింటికి కోడలైతనో సదువు. ఎవలికి బొట్టు పెడుతున్ననో గది గూడ సదువు. బండి కాడున్న మా మామకు ఇనవడాలె."

ఎంకయ్య పెదవులు తడుపుకున్నాడు. అంతమంది ముందు ఎన్ని వందలసార్లు నోరు తెరిచాడో ఆ మనిషి, ఎన్నడూ మాట తడుముకోలేదు. ఇప్పుడు మైకును రెండు చేతులతో పట్టుకున్నాడు.

"మోమిన్‌పేట్ ఆడబిడ్డ అశ్విని" అన్నాడు. "యాలాల్ ఎంకయ్య ఇంటికి వచ్చేటి కోడలు. బొట్టు పెట్టేది... గీ పెండ్లికూతురు వేషం గట్టినోడు నా కొడుకు మల్లేశ్వర్. ఏటా వాడే కడ్తడు. కుమారస్వామి తమ్మీ, నువ్వడిగిన నాడు నేను అబద్ధం జెప్పిన."

మోటారు సైకిల్ దగ్గర కుమారస్వామి తాళం చెవి చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. బండి ఎక్కలేదు, వెనక్కీ రాలేదు.

అశ్విని మేనమామ వైపు చూడలేదు. మల్లేశ్వర్ గడ్డం కింద చెయ్యి పెట్టి తల పైకెత్తి, నుదుటి మీద బొట్టు పెట్టింది.